అరాస్ లోయలో 2020 దాడి: గెలిపించింది డ్రోన్లేనా?

దూర్బీను:
అజర్‌బైజాన్ లోపలే ఉన్నా 1994 నుంచి ఆర్మేనియన్ల చేతిలో ఉన్న కరబఖ్ కోసం అజర్‌బైజాన్ 2020 సెప్టెంబరు 27న మొదలుపెట్టిన యుద్ధం 44 రోజుల్లో ముగిసింది కదా. దాని గురించి ఎక్కడ చదివినా టర్కీ బైరక్తార్ డ్రోన్లు ట్యాంకులను పేల్చిన ముచ్చటే. నాకు అది సగం కథే అనిపిస్తోంది. అసలు దాడి నడిచింది దక్షిణాన, ఇరాన్‌కు సరిహద్దుగా పారే అరాస్ నది వెంబడి. అక్టోబరు 4న జబ్రాయిల్, 17న ఫుజూలీ, 20న జంగిలాన్ తీసుకున్నామని ప్రకటించారు, 22కల్లా అక్కడి ఇరాన్ సరిహద్దు పొడవునా అజర్‌బైజాన్ సైన్యమే. ఉత్తరాన మురోవ్‌దాగ్ కొండల వైపు మాత్రం అదే సైన్యం, అవే డ్రోన్లు ఉన్నా తలీష్, మదగీజ్ తీసుకున్నాక పెద్దగా ముందుకు పోలేదు. డ్రోన్లే గెలిపించి ఉంటే ఈ తేడా ఎందుకొచ్చింది? మీ మీ వాదనలు రాయండి. వీడియోలు పెట్టొద్దు, అందరం చూసినవే.

స్టీల్‌సిటీ కుర్రాడు:
అన్నా, తేడా ఉంటే ఉండనీ, డ్రోన్లు లేకపోతే దక్షిణాన కూడా కదిలేవాళ్లు కాదు. 2016 ఏప్రిల్‌లో ఇవే సరిహద్దు రేఖల మీద నాలుగు రోజులు కొట్టుకున్నారు. అప్పుడు దక్షిణాన అజర్‌బైజాన్‌కు చెప్పుకోదగ్గదంటూ దక్కింది లెలె తెపె అనే ఒక్క గుట్ట. నాలుగేళ్ల తర్వాత ఆ గుట్ట ముందున్న మైదానమంతా వచ్చేసింది. మధ్యలో కొత్తగా వచ్చింది బైరక్తార్. ఆర్మేనియా దగ్గరున్న ఓసా, స్ట్రెలా 10 అనే విమాన విధ్వంసక క్షిపణులు సోవియట్ కాలం సరుకు. స్ట్రెలా మూడున్నర కిలోమీటర్ల ఎత్తు వరకు, ఓసా ఐదు వరకు కొడతాయి, బైరక్తార్ ఐదు దాటి ఎగురుతుంది, పైగా చిన్నది, రాడార్‌కు సరిగ్గా కనపడదు. పాత ఆన్ 2 విమానాలను పైలట్ లేకుండా ఎరగా పంపి, వాటిని చూసి ఆర్మేనియా వాళ్లు రాడార్లు ఆన్ చేయగానే, అవి ఎక్కడున్నాయో పట్టుకుని లక్ష్యం మీద పడి పేలిపోయే ఇజ్రాయెల్ హరోప్ డ్రోన్లతో లేపేశారు. ఎయిర్ డిఫెన్స్ పోయాక కందకంలో ఉన్నవాడు ఎంత ధైర్యవంతుడైతే ఏం లాభం చెప్పు?

పాత గన్నర్:
కుర్రాడు గారు చెప్పిన వివరాలు కరెక్టే, కానీ దాన్నుంచి తేల్చినదానితో నేను ఒప్పుకోను. శతఘ్ని దళంలో పనిచేసి రిటైరయిన వాణ్ణి, కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు మ్యాప్ తెరిచి నదిని చూడండి. తూర్పు నుంచి పడమరకు అరాస్ ఒడ్డున నడిచే సైన్యానికి ఎడమ పక్కన ఇరాన్. అటునుంచి ఎవరూ కాల్చరు. ఇరాన్ తన దళాలను సరిహద్దుకు తెచ్చింది, దాని గ్రామాల్లో షెల్స్ కూడా పడ్డాయి, అయినా యుద్ధంలోకి దిగలేదు. అంటే దాడి చేసేవాడికి ఒక పార్శ్వం కాపాడుకునే పని లేదు, ఆ బలగమంతా ముందుకూ కుడి పక్కకూ పెట్టుకోవచ్చు. ఆర్మేనియన్లకేమో అదే నది గోడ అయింది, దాని వెనక్కి తిరిగి కొట్టడానికి చోటు లేదు. పైగా ఆ కింది భాగం ఏటవాలు మైదానం, చెట్లు తక్కువ, 1993లో ఆర్మేనియన్లు అక్కడి అజర్‌బైజానీ జనాన్ని తరిమేశాక ఊళ్లు శిథిలాలై ఖాళీగా పడున్నాయి. ట్యాంకు దాక్కోవడానికి చోటు లేదు, సప్లై ట్రక్కు పగలు రోడ్డెక్కడానికి లేదు. డ్రోన్‌కు అంతకంటే అనుకూలమైన నేల ఆ ప్రాంతంలో ఇంకోటి లేదు. ఉత్తరాన మూడు వేల మీటర్లు దాటిన కొండలు, లోయలు, మేఘం. దూర్బీను గారి ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడే ఉంది.

రెండో సంగతి, డ్రోన్ చేసిన పెద్ద పని బాంబు వేయడం అని అందరూ అనుకుంటున్నారు. నా లెక్కలో అది చేసిన పెద్ద పని చూడటం. మా రోజుల్లో ఓపీ (పరిశీలన చౌకీ) ఆఫీసర్ గుట్టెక్కి బైనాక్యులర్ పెట్టుకుని షెల్ ఎక్కడ పడిందో చూసి వైర్‌లెస్‌లో దిద్దుబాటు చెప్పేవాడు. ఆయనకు గుట్ట ఇవతలి వైపే కనపడేది. ఇప్పుడు గుట్ట అవతల దాక్కున్న గన్ను కూడా గంటల తరబడి కనపడుతూనే ఉంటుంది. అజర్‌బైజాన్ ఫిరంగులకూ రాకెట్లకూ ఆ కళ్లు వచ్చాయి. వీడియోల్లో ఫిరంగి దెబ్బ తక్కువ కనిపిస్తుంది కాబట్టి దాని పేరు ఎవరూ ఎత్తడం లేదు.

మూడోది, మొదటి వారం గుర్తు చేసుకోండి. డ్రోన్లన్నీ ఉన్నాయి, అయినా 26 ఏళ్లుగా కట్టుకున్న కందకాలు, మందుపాతరలు దాటడానికి రోజుల తరబడి పట్టింది, మనుషులు పోయారు. యుద్ధం మొత్తంలో గెలిచిన అజర్‌బైజాన్ సైనికులే 2,900 మంది దాకా చనిపోయారు. ఆర్మేనియా వైపు దాదాపు 3,800. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. పైనుంచి బటన్ నొక్కి గెలిచిన యుద్ధంలో గెలిచినవాడికి ఇన్ని శవపేటికలు వస్తాయా?

స్టీల్‌సిటీ కుర్రాడు:
గన్నర్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఆ నది, ఆ మైదానం 1994 నుంచీ అక్కడే ఉన్నాయి, ఇరాన్ కూడా అక్కడే ఉంది. నేల మారలేదు కదా, ఫలితం మారింది. మారినదాన్నే కారణం అంటారు.

పాత గన్నర్:
మారినవి చాలా ఉన్నాయి. 2006 నుంచి కాస్పియన్ చమురు పైపులైన్‌లో టర్కీ తీరానికి పోతోంది, ఆ డబ్బుతో అజర్‌బైజాన్ రక్షణ బడ్జెట్ ఆర్మేనియాకు మూడు రెట్లు దాటింది. టర్కీ సైన్యం ఏళ్ల తరబడి వీళ్లకు శిక్షణ ఇచ్చింది. అవతల ఆర్మేనియా నాలుగు సుఖోయ్ 30లు కొని వాటికి క్షిపణులు కొనలేకపోయింది. నేను కల్పించి చెప్తున్నది కాదు, ఆ దేశ ప్రధాని పషిన్యానే 2021లో ఒప్పుకున్నాడు. లెలె తెపె 2016లో పోయినప్పుడే ఈ దక్షిణ మైదానం మీదకే వస్తారని అర్థమవ్వాలి. గుట్ట ఎవడి చేతిలో ఉంటే కింద జబ్రాయిల్ దారి వాడికి కనపడుతుంది. నాలుగేళ్లు టైమ్ దొరికింది, రెండో వరుస, మూడో వరుస గట్టిగా కట్టుకుని ఉంటే మొదటిది విరగ్గానే జంగిలాన్ దాకా ఖాళీ అయ్యేది కాదు.

ఇంకో ముక్క. జంగిలాన్ తర్వాత హకారీ నది పట్టుకుని ఉత్తరానికి తిరిగారు, లాచిన్ వైపు. అప్పట్లో ఆర్మేనియా నుంచి కరబఖ్‌కు వెళ్లే ప్రధాన రహదారి లాచిన్ మీదుగానే ఉండేది. అరాస్ లోయ తలుపైతే హకారీ లోయ నడవా. చివరికి కరబఖ్‌లో కొండ మీదున్న షుషా పట్టణం దగ్గరికొచ్చేసరికి అడవులు, కొండచరియలు, పొగమంచు. అక్కడ అజర్‌బైజాన్ స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు బరువైన ఆయుధాలు వదిలేసి నడిచి, కొండెక్కి, ఊళ్లో వీధి వీధికి కొట్టుకున్నారు. నవంబరు 8న షుషా పడిందని ప్రకటించారు, 10న యుద్ధం ఆగింది. యుద్ధాన్ని ముగించిన ఆ పోరులో డ్రోన్ పాత్ర చాలా తక్కువ.

చదువరి:
మీరందరూ ఎలా గెలిచారనే మాట్లాడుతున్నారు. నాకు ఇంకో ప్రశ్న ఉంది, ఆ దాడి న్యాయమైనదేనా? జబ్రాయిల్, జంగిలాన్, ఫుజూలీ ఎప్పుడూ ఆర్మేనియన్ల ఊళ్లు కావు. 1993లో అక్కడి అజర్‌బైజానీలను వెళ్లగొట్టారు, కరబఖ్ చుట్టూ ఉన్న జిల్లాల నుంచి ఐదు లక్షల మందికి పైగా కట్టుబట్టలతో పోయారు. భద్రతా మండలి ఆ ఏడాదే నాలుగు తీర్మానాలు చేసింది, సైన్యాన్ని వెనక్కి తీయమని. 27 ఏళ్లు ఎవరూ కదల్లేదు. శాంతి చర్చలతో రాని నేలను సైన్యంతో తీసుకుంటే తప్పెలా అవుతుంది?

కృష్ణాతీరం:
చదువరి గారూ, ఆ జిల్లాల వరకు మీతో నేనూ ఒప్పుకుంటాను. కానీ దాడి అక్కడ ఆగలేదు కదండీ. హద్రూత్ చుట్టుపక్కల జిల్లాల్లోది కాదు, సోవియట్ కాలం నాటి కరబఖ్‌లోనిదే, ఆర్మేనియన్లు తరతరాలుగా ఉన్న ఊరు. కరబఖ్ ముఖ్య పట్టణం స్టెపానకెర్ట్‌లో జనం ఉండే ఇళ్ల మీద క్లస్టర్ బాంబులు వేశారని హ్యూమన్ రైట్స్ వాచ్ చూసి రాసింది. అజర్‌బైజాన్ నగరం గాంజా మీద ఆర్మేనియా క్షిపణులు పడి నిద్రలో ఉన్న పిల్లలు పోయారు, అదీ అంతే ఘోరం. తర్వాత 2022 డిసెంబరు నుంచి లాచిన్ దారి మూసేశారు, తెరవమని అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పినా వినలేదు, 2023 సెప్టెంబరులో ఒక్క రోజు దాడితో కరబఖ్ పడిపోయింది, లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కొద్ది రోజుల్లో ఇళ్లు వదిలేశారు. 1993లో ఒకరిని తరిమిన పాపం 2023లో ఇంకొకరిని తరిమితే తీరుతుందా? నేను ముంపు గ్రామం నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టాను, ఊరు పోవడం అంటే ఏంటో మా అమ్మమ్మ ముఖంలో చూశాను. అందుకే ఈ రెండు జనాల్లో ఒకరి బాధనే లెక్కలోకి తీసుకునే వాదన నాకు మింగుడుపడదు.

చదువరి:
అమ్మా, 2023ను నేను సమర్థించడం లేదు. 2020 అక్టోబరులో అరాస్ ఒడ్డున జరిగింది వేరు, అది వేరు అంటున్నాను. రెండూ ఒకే ముద్దగా కలిపితే సొంతూరికి తిరిగి వెళ్లి మందుపాతర మీద కాలేసి చనిపోతున్న జబ్రాయిల్ రైతు గురించి మాట్లాడటానికి చోటే ఉండదు.

దూర్బీను:
ఇద్దరి మాటా ఉంచుకుందాం, ఇది వేరే థ్రెడ్‌కు సరిపడా ఉంది. మన సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఈ యుద్ధం చూశాక ఆర్మేనియా మన దగ్గర పినాక రాకెట్లు, ఆకాశ్ క్షిపణులు కొంది. ఆకాశ్ తయారుచేసేది మన హైదరాబాద్‌ భారత్ డైనమిక్సే. మరి 2020లో అరాస్ మైదానంలో ఆకాశ్ ఉండి ఉంటే కథ మారేదా?

స్టీల్‌సిటీ కుర్రాడు:
కచ్చితంగా మారేది. దాని రేంజ్ పాతిక కిలోమీటర్లు, బైరక్తార్ ఎగిరే ఎత్తు దానికి లెక్కే కాదు. 2025 మేలో మన పడమటి సరిహద్దు మీదకు డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు ఆకాశ్ పనిచేసింది కూడా.

పాత గన్నర్:
బైరక్తార్లను వెనక్కి నెట్టేది, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఒక్క ఆకాశ్ బ్యాటరీని ఖాళీ మైదానంలో పెడితే దాని రాడార్ మీదకే హరోప్ వస్తుంది. దాని కింద చిన్న డ్రోన్లను కూల్చే గన్నులు కావాలి, జామర్లు కావాలి, అన్నింటినీ కలిపే నెట్‌వర్క్ కావాలి. మేలో మనకు పనిచేసింది కూడా ఆకాశ్ ఒక్కటే కాదు, పాత ఎల్ 70 విమాన విధ్వంసక గన్నులు కూడా, వాటన్నింటినీ కలిపిన వ్యవస్థ. ఆర్మేనియాకు 2020లో లేనిది ఆ కలయిక. ఉన్న ఓసాలు కూడా ఎవరికి వారుగా కొట్టుకుని పోయాయి.

కృష్ణాతీరం:
ఒకటి అడుగుతాను. అరాస్ లోయలో మిగిలిన ముక్క మెఘ్రీ, అది ఆర్మేనియా సొంత భూభాగం, అజర్‌బైజాన్‌కూ, దాని నుంచి విడిపడి ఉన్న దాని భాగం నఖిచెవాన్‌కూ మధ్య అడ్డంగా ఉంది. 2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో ఇద్దరు నాయకులూ కూర్చుని దాని మీదుగా దారి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 2020లో జంగిలాన్‌లో ఆగిన సైన్యానికి కావలసిన దారే కదా అది?

పాత గన్నర్:
దారి అదే. తేడా ఏంటంటే అది ఆర్మేనియా చట్టం కింద ఉంటుందని రాసుకున్నారు. ఆ ఒక్క షరతు నిలబడితే అది ఒప్పందం. రేపు దాని మీద ఆర్మేనియా చెక్‌పోస్టు ఉంటుందా, ఉండదా అన్నది చూస్తే నిలబడిందో లేదో తెలుస్తుంది. నేను చూసేది దాన్నే.