దుంగ పెట్టగానే మంట చచ్చిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
ఇంట్లో ఇనుప కట్టెల స్టవ్వు ఉంది. అద్దం తలుపు, కింద గాలి మూత. పుల్లలు అంటిస్తే పది నిమిషాలు భగభగ మండుతుంది. దుంగ పెట్టానో లేదో మంట పడిపోయి పొగ చుట్టుకుంటుంది. సెగ ఉండదు, తెల్లారేసరికి అద్దమంతా మసి. కట్టెలు కొట్టి ఆరు నెలలైంది, టార్పాలిన్ నిండా కప్పి ఉంచాను కాబట్టి ఎండినట్టే. త్వరగా అయిపోకుండా గాలి మూత సగం మూసేస్తున్నాను. "స్టవ్వు కంటే దుప్పటి నయం" అంటోంది మా ఆవిడ.

జవాబు:
దుంగ చివర్ల నుంచి సుయ్‌మంటూ నురగ వస్తోందా?

ప్రశ్న అడిగినవారు:
వస్తోందండీ. అది మామూలేననుకున్నా.

జవాబు:
మామూలు కాదు, అవి పచ్చికట్టెలే. నేనూ రెండు చలికాలాలు ఇలాగే స్టవ్వును తిట్టుకున్నాను. చివరికి తేమ మీటరు కొని, ఒక దుంగను నిలువునా చీల్చి లోపలి ముఖం మీద పెడితే 34 శాతం చూపించింది. పైబెరడు మీద పెడితే 17! లోపల 20 శాతం లోపు ఉంటేనే మంట ఎక్కుతుంది. లేదంటే పుట్టిన వేడి నీళ్లను ఆవిరి చేయడంలో ఖర్చవుతుంది. నిండా కప్పితే ఆవిరి బయటికి పోదు. పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. చీల్చి పేర్చండి, మొద్దుగా ఉంటే ఏళ్లు పడుతుంది. గట్టి జాతి కట్టెలకు చీల్చాక కూడా రెండేళ్లు పట్టొచ్చు.

ఇక గాలి మూత. మీరు ఆదా అనుకుంటున్నది ఆదా కాదు. పొగే సగం ఇంధనం, అది మండాలంటే వేడీ గాలీ రెండూ కావాలి. దుంగ పైభాగమంతా నల్లబడి మంట నిలదొక్కుకునేదాకా మూత పూర్తిగా తెరిచి ఉంచి, ఆ తర్వాతే కొంచెం కొంచెంగా తగ్గించండి. ఎర్రటి నిప్పుల మీద ఒక్క దుంగ కాకుండా చిన్నవి రెండు మూడు పెట్టండి, ఒకదాని వేడికి ఒకటి రాజుకుంటాయి. మంట ఎక్కడం లేదని కిరోసిన్ మాత్రం పోయకండి.

మరొకరి జవాబు:
ముందు పొగగొట్టం చూపించుకోండి. ఇన్నాళ్లు పచ్చికట్టెలు కాల్చారంటే లోపల తారులాంటి మసి పేరుకుని ఉంటుంది. అది ఉండగా ఒక్కసారిగా పెద్ద మంట వేస్తే గొట్టంలోనే అంటుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే పెట్టించండి, ఆ విషవాయువుకు వాసన ఉండదు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే పొగ గదిలోకి ఎదురు తన్నుతుంది, అదీ గమనించండి.

ప్రశ్న అడిగినవారు:
గొట్టం శుభ్రం చేయించాను, గంపెడు మసి పడింది. ఎండిన కట్టెలు కొన్ని దొరికితే అడుగున లావువి, పైన పుల్లలు పేర్చి పైనుంచి అంటించాను. ఇరవై నిమిషాల్లో స్వెటర్ విప్పాల్సి వచ్చింది! నా కట్టెలను చీల్చి ఎండబెడుతున్నా, ఈ ఏడాదికి అవి పనికిరావు. ఒక్క సందేహం: బూడిద రోజూ మొత్తం ఊడ్చేయాలా?

జవాబు:
కింద జల్లెడ లేని స్టవ్వైతే అంగుళం మందం ఉంచండి, నిప్పులు అందులో నిలుస్తాయి. తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఇంటి బయట పెట్టండి. మర్నాటికి కూడా అందులో నిప్పు ఉండొచ్చు. నా ప్లాస్టిక్ బకెట్ అలాగే పోయింది.