మంత్రికి ఉద్వాసనా, మంత్రి వైదొలగడమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమెరికా అధ్యక్షుడు రెండోసారి గెలిచాక పాత కేబినెట్‌లో ఎవరుంటారు, ఎవరు పోతారు అన్న విషయం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. రెండు పదవీకాలాల మధ్య వెళ్లిపోయిన అందరికీ "ఉద్వాసన" అనే రాసుకుంటూ పోయాను. మా మావయ్య చదివి, "ఉద్వాసన దేవుడికి చెప్తారే, మంత్రికి కాదు" అన్నారు. పేపర్లో రోజూ చూసే మాటే కదా ఇది? తప్పంటారా? తప్పయితే ఏం రాయాలి?

వ్యాఖ్య:
"మార్పులు చేర్పులు" అని రాసేయండి, గొడవ ఉండదు.

వ్యాఖ్య:
"ప్రక్షాళన" ఇంకా బాగుంటుందేమో. గట్టిగా ఉంటుంది.

నా జవాబు:
ప్రక్షాళన వద్దండి. కడగడం అన్నామంటే అక్కడ మురికి ఉందని మనమే తీర్పు చెప్పేసినట్టు. నాలుగేళ్లు చేసి, అలసిపోయి, ఊరికి పోతానన్నవాళ్లను కూడా ఆ నీళ్లలోనే కలిపేస్తాం. మార్పులు చేర్పులు పరవాలేదు గానీ అది మొత్తం తతంగానికి పేరు. ఒక్కో మనిషి ఎలా వెళ్లాడో చెప్పడానికి అది పనికిరాదు.

ఇక ఉద్వాసన. మీ మావయ్యగారు అన్నది సగం నిజం. పూజ మొదట్లో ఆవాహన, చివర్లో ఉద్వాసన. "యథాస్థానం ప్రవేశయామి" అని అక్షతలు వేసి, వెంటనే "పునరాగమనాయ చ" అంటాం. అంటే మళ్లీ రమ్మని పిలిచే వీడ్కోలు. పేపర్లో ఆ రెండో సగం ఊడిపోయింది. మంత్రికి ఉద్వాసన అంటే ఇక ఈ గడప తొక్కొద్దనే.

నాకున్న అభ్యంతరం మాత్రం పూజతో సంబంధం ఉన్నది కాదు, వ్యాకరణంతో. ఉద్వాసన ఒకరు ఇంకొకరికి చెప్పేది. ఆ మాట రాయగానే, పంపినవాడు ఒకడున్నాడని, వెళ్లినవాడికి ఇష్టం లేదని రెండు విషయాలు మీరు రూఢిగా చెప్పినట్టే. రెండు పదవీకాలాల మధ్య వెళ్లేవాళ్లలో చాలామంది విషయంలో ఆ రెండూ మనకు తెలియవు.

తెలుగులో ఇందుకు చక్కటి జంటలున్నాయి. తొలగారు, తొలగించారు. తప్పుకున్నారు, తప్పించారు. మారారు, మార్చారు. క్రియ రూపం కాస్త మారితే చాలు, పని ఎవరిదో తేలిపోతుంది. ఎవరి పనో తెలియనప్పుడు "వైదొలగారు" అని రాయండి. అధ్యక్షుడే పంపాడని రుజువున్నచోట మాత్రం ఉద్వాసన, వేటు, తొలగింపు, ఏది కావాలంటే అది.

ఉదాహరణకు జార్జ్ డబ్ల్యూ. బుష్ 2004 నవంబరులో రెండోసారి గెలిచారు. అప్పుడున్నవి 15 శాఖలు. వాటిలో తొమ్మిదింటి అధిపతులు రెండో పదవీకాలం మొదలైన కొద్ది వారాలకల్లా మారిపోయారు. విదేశాంగంలో కోలిన్ పావెల్ స్థానంలోకి కాండొలీజా రైస్, న్యాయశాఖలో జాన్ యాష్‌క్రాఫ్ట్ స్థానంలోకి అల్బర్టో గొంజాలెజ్, హోంల్యాండ్ సెక్యూరిటీలో టామ్ రిడ్జ్ స్థానంలోకి మైకేల్ చెర్టాఫ్. యాష్‌క్రాఫ్ట్ తన రాజీనామాను ఐదు పేజీలు స్వయంగా చేత్తో రాసి ఇచ్చారు. మిగిలిన ఆరుగురు కదల్లేదు. రక్షణశాఖలో రమ్స్‌ఫెల్డ్, కార్మికశాఖలో ఎలేన్ చావో వాళ్లలోనివారే. చావో బుష్ ఎనిమిదేళ్లూ ఉన్నారు. ఈ తొమ్మిది మందికీ కలిపి "ఉద్వాసన" అని ఒకే ముద్ర కొడితే అబద్ధమవుతుంది. కానీ 2006 నవంబరులో, మధ్యంతర ఎన్నికల్లో పార్టీ ఓడిన మర్నాడే, రమ్స్‌ఫెల్డ్ తప్పుకుంటున్నట్టు బుష్ ప్రకటించారు చూడండి, అక్కడ "సాగనంపారు" అంటే ఎవరూ కాదనరు.

సాగనంపడం కూడా గమ్మత్తైన మాట. చుట్టాన్ని వీధి చివరిదాకా వెళ్లి పంపించి రావడం అసలు అర్థం. రాజకీయ వార్తల్లోకి వచ్చాక అందులోని మర్యాదంతా వెటకారమైపోయింది.

వ్యాఖ్య (ఒకప్పుడు పేపరు డెస్క్‌లో పనిచేసిన మిత్రులు):
ఉద్వాసనను అంత తేలిగ్గా తీసేయకండి. సంస్కృతంలోనే దానికి వెళ్లగొట్టడం, ఉన్నచోటి నుంచి బయటికి తీయడం అనే అర్థాలున్నాయి. యజ్ఞంలో నిప్పు మీద నుంచి పాత్ర దించడాన్నీ ఉద్వాసన అనే అంటారు. వాసం అంటే ఉండటం, ఉద్వాసన అంటే ఆ ఉనికిని లేపేయడం. బెంగాలీలో కాందిశీకుణ్ని "ఉద్బాస్తు" అంటారు, అదీ ఆ వేరు నుంచే వచ్చింది. కాబట్టి పేపరువాళ్లు దేవుడి మాటను పాడుచేశారనడం అన్యాయం. పైగా సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో "పదవి నుంచి వైదొలగారు" పట్టదండీ. "వేటు" రెండక్షరాలు, "ఉద్వాసన" నాలుగు. రాత్రి ఎడిషన్ టైమ్ దగ్గరపడ్డాక నీతి కంటే కొలతే ముఖ్యం.

నా జవాబు:
నిప్పు మీద నుంచి పాత్ర దించడం బాగుంది. ఒప్పుకుంటున్నాను, మాటకు ఆ అర్థం మొదటి నుంచీ ఉన్నదే. అయితే మీరిచ్చిన ఆధారంతో నా వాదనే గట్టిపడింది. పాత్ర తనంతట తాను దిగదు కదా! హెడ్డింగ్ కొలతల బాధ మాత్రం నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. ఈవిడ రాస్తున్నది వ్యాసం కాబట్టి ఆ ఇరుకు ఆవిడకు లేదు.

అసలు ఉద్వాసన అనదగ్గ సందర్భం ఒకటి చెప్తాను. 1972 నవంబరు 7న రిచర్డ్ నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. మర్నాడు పొద్దున్నే కేబినెట్‌ను పిలిచారు. అభినందనలు, కాఫీ, నవ్వులు ఉంటాయనుకుని వచ్చారంతా. నిక్సన్ కాసేపు మాట్లాడి, థాంక్స్ చెప్పి, లేచి వెళ్లిపోయారు. తర్వాత చీఫ్ ఆఫ్ స్టాఫ్ (వైట్‌హౌస్ సిబ్బందికి పెద్ద) హాల్డెమన్ అందుకుని, అందరూ రాజీనామాలు ఇవ్వాలన్నారు. వైట్‌హౌస్ సిబ్బందికీ అదే మాట. దగ్గరున్న ప్రభుత్వ కాగితాల జాబితా రాసివ్వమని ఫారాలు కూడా పంచారు. గెలిచిన మర్నాడండీ! ఓడినవాడి ఇంట్లో కూడా అంత టెన్షన్ ఉండి ఉండదు. ఆ తర్వాత నిక్సన్ క్యాంప్ డేవిడ్‌లో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిపించుకుని ఎవరుండాలో ఎవరు పోవాలో చెప్పారు. గృహనిర్మాణ శాఖలో జార్జ్ రోమ్నీ, రవాణాలో జాన్ వోల్పీ, వాణిజ్యంలో పీటర్ పీటర్సన్ ఆ విడతలోనే వెళ్లిపోయారు. సీఐఏ డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్‌ను ఇరాన్‌కు రాయబారిగా పంపారు. అలా అందరి రాజీనామాలూ అడగడం పొరపాటేనని నిక్సన్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

దీనికి మన దగ్గర తయారుగా ఉన్న మాట "మూకుమ్మడి రాజీనామాలు". 2022 ఏప్రిల్ 7న ఆంధ్రప్రదేశ్‌లో 24 మంది మంత్రులు ఒకేసారి రాజీనామా చేసినప్పుడు అందరం చదివిందే. నాలుగు రోజులకు వచ్చిన 25 మంది కొత్త కేబినెట్‌లో 11 మంది పాతవాళ్లే. అంటే రాజీనామా తీసుకోవడం వేరు, ఆమోదించడం వేరు. నిక్సన్ దగ్గరా అంతే. విదేశాంగంలో రోజర్స్, ఖజానాలో షుల్ట్జ్ అప్పటికి ఉండిపోయారు.

ఇంకో తమాషా. రాజీనామాలు వసూలు చేసిన హాల్డెమన్ చేత ఆరు నెలలు తిరక్కుండానే, 1973 ఏప్రిల్ 30న, వాటర్‌గేట్ కుంభకోణం పుణ్యమా అని నిక్సనే రాజీనామా చేయించారు.

వ్యాఖ్య:
రాజీనామా అంటే రాజీపడి రాసిచ్చిన కాగితమేనా? ఎప్పుడూ ఆలోచించలేదు.

నా జవాబు:
అవును, పారసీ మాట. రాజీ అంటే ఒప్పుకోలు, నామా అంటే పత్రం. కోర్టులో ఇరుపక్షాలూ ఒప్పందానికొచ్చి రాసుకునే కాగితాన్ని కూడా రాజీనామా అనేవాళ్లు. ఈ చర్చలోకి అది బాగానే వచ్చింది, ఎందుకంటే 2018 నవంబరు 7న అటార్నీ జనరల్ (అక్కడ న్యాయశాఖ మంత్రి) జెఫ్ సెషన్స్ ట్రంప్‌కు ఇచ్చిన లేఖ మొదటి వాక్యమే "మీరు కోరిన మీదట నా రాజీనామా సమర్పిస్తున్నాను" అని. కాగితం పేరు రాజీనామా, లోపల వాక్యం మాత్రం తొలగింపు. దీన్ని "సెషన్స్ తప్పుకున్నారు" అని రాస్తే తప్పు, "తప్పించారు" అనాలి. అదే ఏడాది మార్చిలో విదేశాంగ మంత్రి టిల్లర్సన్‌ను మార్చుతున్నట్టు ట్రంప్ ట్వీట్ చేశారు. అక్కడ "వేటు" అనడానికి సందేహమే లేదు. ఇవి రెండూ పదవీకాలం మధ్యలో జరిగినవి, మీ వ్యాసానికి నేరుగా రావు. క్రియ ఎంచుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

వ్యాఖ్య (డాలస్ నుంచి):
ఇక్కడివాళ్లం ఇంట్లో సెక్రటరీ అనే అంటాం. తెలుగు పేపర్లో "మంత్రి" అని చూస్తే ఎమ్మెల్యేగా గెలిచి వచ్చినట్టు అనిపిస్తుంది.

నా జవాబు:
"కార్యదర్శి" అని రాస్తే ఐఏఎస్ అధికారి అనుకుంటారు, అందుకే పేపర్లు మంత్రి అంటాయి. నేనైనా మంత్రి అనే రాస్తాను. కానీ మీరన్న తేడా చిన్నదేం కాదు, మాటల ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మన దగ్గర ఎన్నికల తర్వాత పాత మంత్రివర్గం పోయి, అందరూ కొత్తగా ప్రమాణం చేయాలి. తెలంగాణలో 2018 డిసెంబరు 13న కేసీఆర్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు పక్కన మంత్రిగా మహమూద్ అలీ ఒక్కరే. మిగతా పదిమంది 2019 ఫిబ్రవరి 19 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండు నెలలూ పాత మంత్రులను తీసేశారనలేం, ఉంచారనలేం. అందుకే "బెర్త్ దక్కింది", "చోటు దక్కలేదు" అంటాం. అమెరికాలో అలా కాదు. అధ్యక్షుడు మళ్లీ గెలిస్తే ఆయన ప్రమాణం చేస్తాడు, కొనసాగే మంత్రికి కొత్త ప్రమాణమూ అక్కర్లేదు, సెనేట్ ఆమోదమూ అక్కర్లేదు. కుర్చీ అలాగే ఉంటుంది. కాబట్టి అక్కడి మంత్రికి "రెండోసారీ బెర్త్" అని రాస్తే సరిపోదు, "కొనసాగారు" అనాలి. శాఖ మారితే మాత్రం సెనేట్ ముందుకు మళ్లీ వెళ్లాలి.

ఇంకోటి, అక్కడ మంత్రి కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) సభ్యుడుగా ఉండకూడదు. ఒబామా రెండో పదవీకాలంలో హిల్లరీ క్లింటన్ స్థానంలోకి వచ్చిన జాన్ కెరీ సెనేట్ సీటు వదులుకునే వచ్చారు. పదవి పోతే వెనక్కి వెళ్లి కూర్చోవడానికి బెంచీ లేదు. మన పేపర్లో మంత్రి పదవి పోయిన మర్నాడు వచ్చే మాటలు, అంటే అలక, బుజ్జగింపులు, అనుచరుల ధర్నా, అవన్నీ పుట్టడానికి కారణం ఆయన ఇంకా ఎమ్మెల్యేనే కావడం. అక్కడ నిజంగానే "ఇంటికి పంపారు".

ప్రశ్న (అడిగినవారే):
చాలా థాంక్స్ అండీ. శాఖలు మారినవాళ్లకు ఏమనాలి? "బదిలీ" అంటే గుమాస్తాను చేసినట్టుంది.

నా జవాబు:
"స్థానచలనం" ఉంది కదా, పేపర్లో అధికారులకు వాడేదే, మంత్రులకూ చెల్లుతుంది. నిక్సన్ రెండో విడతలో ఎలియట్ రిచర్డ్‌సన్‌ను ఆరోగ్య, విద్యా శాఖ నుంచి 1973 జనవరిలో రక్షణకు, మేలో న్యాయశాఖకు మార్చారు. అక్టోబరులో వాటర్‌గేట్ ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తీసేయమంటే, తీయనని తనే తప్పుకున్నారు. ఆ ఒక్క మనిషి సంవత్సరంలోనే మీకు రెండు స్థానచలనాలు, ఒక రాజీనామా దొరుకుతాయి. అది నికార్సైన రాజీనామా.

ఇక 1985లో రీగన్ రెండో పదవీకాలం మొదట్లో చీఫ్ ఆఫ్ స్టాఫ్ జేమ్స్ బేకర్, ఖజానా మంత్రి డొనాల్డ్ రీగన్ ఒకరి కుర్చీలోకి ఒకరు మారిపోయారు. (ఇంగ్లిషులో అక్షరాలు వేరైనా తెలుగులో అధ్యక్షుడూ ఈయనా ఒకేలా పడతారు, మొదటి పేరు తప్పక రాయండి.) దానికి నేనైతే "కుండమార్పిడి" అంటాను. వాళ్ల పిల్ల వీళ్లింటికి, వీళ్ల పిల్ల వాళ్లింటికి.

వ్యాఖ్య (డెస్క్ మిత్రులు):
కుండమార్పిడి హెడ్డింగ్‌లో కూడా పడుతుంది. మరి ట్రంప్ సంగతి? రెండు పదవీకాలాల మధ్య నాలుగేళ్ల గ్యాప్. అక్కడ వైదొలగడమూ లేదు, కొనసాగడమూ లేదు.

నా జవాబు:
లేదు. అది కొత్త కేబినెట్టే. ఆయనకు ముందు అలా విడివిడిగా రెండుసార్లు చేసింది గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒక్కరే, 1885లో ఒకసారి, 1893లో ఇంకోసారి. ఆయన రెండో కేబినెట్‌లోకి మొదటి కేబినెట్ మంత్రులెవరూ రాలేదు. మొదటిసారి విదేశాంగ మంత్రిగా ఉన్న థామస్ బేయర్డ్ మాత్రం లండన్‌కు రాయబారిగా వెళ్లారు. ట్రంప్ 2025లో మొదటి విడతవాళ్లను కొందరిని తెచ్చుకున్నారు. రసెల్ వాట్ బడ్జెట్ ఆఫీసులో పాత కుర్చీకే వచ్చారు. జాన్ రాట్‌క్లిఫ్ అప్పుడు జాతీయ నిఘా డైరెక్టర్, ఇప్పుడు సీఐఏ. లిండా మెక్‌మాన్ అప్పుడు చిన్న వ్యాపారాల సంస్థ, ఇప్పుడు విద్యాశాఖ. మైక్ పాంపియో, నిక్కీ హేలీలను పిలవబోనని మాత్రం గెలిచిన కొద్దిరోజులకే ఆయనే ప్రకటించారు. ఆ ఇద్దరికీ "ఉద్వాసన" అని రాయకండి, అప్పటికి వాళ్లు ఏ పదవిలోనూ లేరు. "మొండిచేయి" సరిపోతుంది.

ప్రశ్న (అడిగినవారే):
అయితే మొదటి పేరా ఇలా మార్చాను. "2004 ఎన్నికల తర్వాత బుష్ కేబినెట్‌లోని 15 మంది శాఖాధిపతుల్లో తొమ్మిది మంది వైదొలగగా, ఆరుగురు కొనసాగారు. 1972లో నిక్సన్ అందరి చేతా రాజీనామాలు రాయించుకుని, కొందరికి ఉద్వాసన పలికారు, కొందరిని వేరే శాఖలకు మార్చారు." సరేనా?

నా జవాబు:
బాగుంది. "కొందరిని అలాగే ఉంచారు" కూడా చేర్చండి, లేకపోతే రోజర్స్, షుల్ట్జ్ ఏమైపోయారని ఎవరో ఒకరు అడుగుతారు.