లేర్టీస్ పక్కన హామ్లెట్ తేలిపోతాడా?

నాటకప్రియ:
షేక్‌స్పియర్ 'హామ్లెట్' గురించి ఎప్పుడూ వినే మాటే: తండ్రిని చంపారని తెలియగానే మంత్రి కొడుకు లేర్టీస్ జనాన్ని వెంటేసుకుని కోట తలుపులు బద్దలుకొట్టుకు వచ్చాడు, తన తండ్రిని చంపి రాజైన బాబాయి క్లాడియస్ మీద పగ తీర్చుకోవలసిన డెన్మార్క్ యువరాజు హామ్లెట్ మాత్రం నాన్చి నాన్చి అందరి ప్రాణాలమీదికీ తెచ్చాడు, కాబట్టి చేతకానివాడు అని. నాకిది ఏళ్లుగా మింగుడుపడటం లేదు. నాలుగో అంకం ఏడో రంగం చూడండి. నీ తండ్రిని చంపిన హామ్లెట్ దొరికితే ఏం చేస్తావని రాజు క్లాడియస్ అడిగితే, చర్చిలోనైనా పీక కోస్తానంటాడు లేర్టీస్. అంతకుముందే మూడో అంకంలో, మోకరిల్లి ప్రార్థిస్తున్న క్లాడియస్ వెనక కత్తి దూసి నిలబడ్డ హామ్లెట్ దాన్ని మళ్లీ ఒరలో పెట్టేశాడు. ఇక్కడ లేర్టీస్ జవాబు మెచ్చుకున్నది ఎవరు? అసలు హంతకుడే! పగకు హద్దులుండకూడదంటాడు. ఆవేశపడే కొడుకు ఎవరి చేతిలో కత్తి అవుతాడో అక్కడ తెలిసిపోతోంది.

పాత లెక్చరర్:
నాటకప్రియ గారూ, సగమే చెప్పారు. హామ్లెట్ ఆగింది దయతో కాదు. ప్రార్థనలో ఉండగా చంపితే స్వర్గానికి పోతాడు, పాపం చేస్తుండగా చంపి నరకానికి పంపాలని ఆగాడు. లేర్టీస్‌ది ప్రాణం మీద పగ, ఇతనిది ఆత్మ మీద పగ. మరి నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ మాటేమిటి? ఐదు డకట్లకు (బంగారు నాణేలకు) కూడా కౌలుకు తీసుకోనని అతని దళాధికారే చెప్పే చిన్న నేల చెక్క కోసం 20,000 మంది సైనికులు చావుకు పోతుంటే, చూసి హామ్లెట్ తనను తానే తిట్టుకుంటాడు. అతనే ఒప్పుకున్నాక మనం వకాల్తా పుచ్చుకోవడమెందుకు?

నాటకప్రియ:
నరకం మాట దాటేయడం నా పొరపాటే మాస్టారూ. ఫోర్టిన్‌బ్రాస్ విషయంలో మాత్రం ఒప్పుకోను. అతని తండ్రిని చంపింది హామ్లెట్ తండ్రి. డెన్మార్క్ మీదికి దండు కట్టిన ఆ కుర్రాడు, నార్వే రాజైన బాబాయి మందలిస్తే పగ వదిలేశాడు. పోలండ్ మీదికి వెళ్లింది పేరు కోసం. తండ్రి పగ తీర్చుకోని మనిషిని చూసి, తండ్రి పగ తీర్చలేదని హామ్లెట్ సిగ్గుపడుతున్నాడు!

ప్రతుల పురుగు:
హామ్లెట్ తనను తిట్టుకునే ఆ స్వగతం 1604-05 నాటి రెండో క్వార్టోలో (చిన్న సైజు అచ్చు ప్రతిలో) ఉంది, 1623 ఫోలియోలో (నాటకాలన్నీ కలిపిన పెద్ద సంపుటంలో) లేదు. ఫోలియోలోనే ఉన్న మాట ఇంకొకటి: నా బాధలో లేర్టీస్ బాధ కనిపిస్తోందని ఐదో అంకంలో హామ్లెట్ తన స్నేహితుడు హొరేషియోతో అంటాడు. ఒక ప్రతిలో ఫోర్టిన్‌బ్రాస్‌ను చూసి సిగ్గుపడే హామ్లెట్, ఇంకో ప్రతిలో లేర్టీస్‌ను చూసి చలించే హామ్లెట్. నాకు రెండోవాడే పెద్దవాడుగా కనిపిస్తాడు. కత్తిసాము ముందు లేర్టీస్‌తో, నీ మెరుపు తెలియడానికి నేను రేకునవుతాను అనడంలో శ్లేష ఉంది: సాము కత్తికీ, మెరుపు కోసం రాయి కింద వేసే తళుకు రేకుకీ ఇంగ్లీషులో మాట ఒకటే, 'ఫాయిల్'.

పాత లెక్చరర్:
బాగుంది. కానీ ప్రార్థన రంగం అవగానే తల్లి గదిలో ఏం జరిగింది? తెర వెనక అలికిడి వినగానే, ఉన్నదెవరో చూడకుండా పొడిచేశాడు. పడింది లేర్టీస్ తండ్రి పొలోనియస్. ఆ క్షణాన ఇతనికీ లేర్టీస్‌కీ తేడా ఏమిటో మీరిద్దరూ చెప్పండి.