అప్‌డేట్: క్రోమ్ ఊడిపోయిన పికప్ ఎంబ్లమ్‌ల పని అయిపోయింది

మా పాత పికప్ ట్రక్కు ప్లాస్టిక్ ఎంబ్లమ్‌ల (బాడీకి అతికించి ఉండే పేరు, గుర్తు ముక్కల) మీద క్రోమ్ పొక్కులొచ్చి లేచిపోతోంది, మళ్లీ క్రోమ్ రంగే కొట్టొచ్చా అని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. క్రోమ్ స్ప్రే వద్దని కొందరన్నారు. డాలస్ ఎండలు కాస్త తగ్గాక పని మొదలుపెట్టాను.

హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, గాలపు దారాన్ని వెనక నుంచి రంపంలా లాగితే బాడీకి గీత పడకుండా ఊడొచ్చాయి. తీసే ముందే మాస్కింగ్ టేప్‌తో గుర్తులు పెట్టుకోవడం ఎంత మంచిదైందో!

అసలు కష్టమంతా గరుకు కాగితం దగ్గరే. లేచిన క్రోమ్ అంచు బ్లేడులా ఉంటుంది, నా చూపుడు వేలు తెగింది. గ్లవ్స్ లేకుండా దయచేసి ముట్టుకోకండి. ముందు 320 నంబరు, తర్వాత ఇంకా నున్నటి 600 నంబరు కాగితంతో నీళ్లు పోస్తూ, అంచు మీద గోరు ఎక్కడా తట్టకుండా జారేదాకా రుద్దాను. ఆ అంచు మెట్టులా మిగిలితే రంగు కింద కూడా కనిపిస్తుంది.

క్రోమ్ స్ప్రే వద్దన్నవాళ్ల మాటే నిజం. ఒక ముక్క మీద కొట్టి చూశాను. అద్దంలా మెరిసింది కాస్తా క్లియర్ కోట్ (పైన కొట్టే పారదర్శక రక్షణ పూత) పడగానే సత్తు గిన్నెలా మసకబారింది. అందుకే ప్లాస్టిక్ ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత) మీద శాటిన్ నలుపు (కొద్దిగా మాత్రమే మెరిసే నలుపు), పల్చగా మూడు కోట్లు కొట్టి, ఒక రోజంతా ఆరనిచ్చి, డబుల్ సైడ్ టేప్‌తో అతికించాను.

రెండు పెద్ద వానలు పడ్డాయి. ఇంతవరకు ఎక్కడా పెచ్చు లేవలేదు.