లాంగ్ ఫ్రాక్ కుట్టుకోవడానికి ఆది చాలునా, కాగితం మీద డ్రాఫ్టు గీయవలసిందేనా?

బ్రాడీపేట, గుంటూరు (చర్చ ప్రారంభం)

మా ఇంట్లో గత ఆదివారం మొదలైన వాదం ఇంకా తెగలేదు కనుక, కుట్టుపని తెలిసినవారి ముందు పెడుతున్నాను. నాలుగున్నర మీటర్ల జార్జెట్‌తో, చీలమండల వరకు జారే గొడుగు ఫ్రాక్ ఒకటి నా కొలతలకు నేనే కుట్టుకుంటున్నాను. బాడీ పార్టుకూ కింది గొడుగుకూ విడివిడిగా, న్యూస్ పేపర్లు అతికించి డ్రాఫ్టు గీశాను. అది చూసి మా అత్తగారు, ఒంటికి సరిపోయిన పాత కుర్తీని ఆదిగా, అంటే కొలత బట్టగా, పరిచి సుద్దతో గీసుకుంటే అరగంటలో తేలే పనికి రెండు రోజులు కాగితాలు కత్తిరించడం ఎందుకన్నారు. ఆవిడ నలభై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ జాకెట్లు కుట్టిన మనిషి కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసుకోలేను. అయినా నా మొగ్గు డ్రాఫ్టు వైపే ఉంది.

అందుకు కారణం నేను చేసిన ఒక పొరపాటు. కిందటి సంవత్సరం కాగితం లేకుండా నేరుగా గుడ్డ మీద గొడుగు గీశాను. నా నడుము చుట్టుకొలత 30 అంగుళాలు. పూర్తి గొడుగు, అంటే పరిస్తే నిండు వృత్తం, కావాలంటే 30ని 6.28తో భాగించి, మడత మూల నుంచి 4¾ అంగుళాల వ్యాసార్ధంతో నడుము వంపు గీయాలి. సగం గొడుగుకైతే, అంటే అర్ధ వృత్తానికి, 3.14తో భాగించి 9½ అంగుళాలు తీసుకోవాలి. నా పుస్తకంలో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. నాలుగు పొరల గుడ్డ మీద 9½ పెట్టి కత్తెర వేశాను. విప్పి చూసేసరికి నడుము దాదాపు 60 అంగుళాలు వచ్చింది. అదే పొరపాటు కాగితం మీద జరిగి ఉంటే, ఆ కాగితాన్ని ఒకసారి నడుముకు చుట్టి చూసుకుని మరో పేపరు తీసుకునేదాన్ని. గుడ్డను మాత్రం కత్తిరించాక మళ్లీ అతికించలేం కదా.

కుర్తీ ఆదికి మరో ఇబ్బంది ఉంది. కుర్తీలో నడుము దగ్గర కుట్టు ఉండదు, గొడుగు ఫ్రాక్‌లో ఆ కుట్టే ప్రాణం. భుజం నుంచి నడుము కుట్టు వరకు 14 అంగుళాలు పెట్టాలా 15 పెట్టాలా అన్నది కుర్తీ ఏ విధంగానూ చెప్పలేదు. ఆ ఒక్క అంగుళం కిందికి పోతే బరువైన గొడుగంతా తుంటి మీదకు జారి, ఫ్రాక్ నైటీలా కనిపిస్తుంది. ఆదిని నమ్ముకుని గొడుగు ఫ్రాక్ కుట్టుకునేవారు ఈ చిక్కును ఎలా దాటుతున్నారో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

వన్‌టౌన్, విజయవాడ

అమ్మా, నేను ఇక్కడి బట్టల మార్కెట్ వస్త్రలతకు దగ్గరలోనే మిషను పెట్టుకుని ఇరవై ఏళ్లకు పైగా కుడుతున్నాను. మీ అత్తగారి మాటనే నేనూ అంటాను, కానీ కారణం వేరే చెబుతాను. టేపుతో ఛాతీ 36 అని కొలవగలం గానీ, ఆ మనిషికి ఎంత వదులుగా ఉంటే హాయిగా ఉంటుందో టేపు చెప్పదు. ఒకే 36 ఉన్న ఇద్దరిలో ఒకరు ఒంటికి అంటుకుని ఉండాలంటారు, మరొకరు చేయి పైకెత్తితే చంక దగ్గర పట్టకూడదంటారు. మనిషి రెండేళ్లు తొడుక్కుని, ఉతికి, మళ్లీ మళ్లీ ఇష్టపడి తీసుకున్న ఆదిలో ఆ సంగతి అప్పటికే ఉంటుంది. డ్రాఫ్టులో ఛాతీని నాలుగు భాగాలు చేసి వదులు కోసం కొంత, కుట్టు కోసం కొంత కలపమంటారు. ఆ కలిపే కొంత ఎంతో చెప్పగలిగేది ఆ మనిషి వేసుకున్న బట్టే.

నడుము కుట్టు గురించి మీరన్నది నిజమే, దానికి కుర్తీ ఆది పనికిరాదు. మేము నడుముకు ఒక తాడు కట్టించి, మనిషిని రెండుసార్లు వంగి లేవమంటాము. తాడు ఎక్కడ కుదురుకుంటే అక్కడికి భుజం మీద నుంచి కొలుస్తాము. అది ఒక్క నిమిషం పని, దానికి కాగితం అక్కరలేదు.

ఇక గొడుగు విషయంలో కాగితాన్ని నమ్మి మోసపోకండి. కాగితం సాగదు, జార్జెట్ సాగుతుంది. పడుగు (నిలువు దారం) వెంట గానీ పేక (అడ్డ దారం) వెంట గానీ వేలాడే చోట గుడ్డ నిలుస్తుంది, క్రాస్‌లో, అంటే ఐమూలగా, వేలాడే చోట కిందికి దిగుతుంది. పూర్తి గొడుగులో అటువంటి చోట్లు నాలుగు ఉంటాయి. ముందు నడిమి గీతకూ పక్క కుట్టుకూ మధ్యలో రెండు, వెనుక రెండు. మీరు కాగితం మీద ఎంత గుండ్రంగా గీసినా మర్నాటికి ఆ నాలుగు చోట్లా తోకలు దిగుతాయి. నడుము కుట్టి, ఫ్రాక్‌ను కనీసం ఒక రాత్రీ ఒక పగలూ హ్యాంగరుకు వేలాడదీసి, ఆ తరువాత మనిషిని నిలబెట్టి నేల నుంచి పైకి స్కేలుతో కొలిచి కింది అంచు కత్తిరించాలి. ఆ పని చేసినప్పుడు కాగితం లెక్క ఎలాగూ పోతుంది.

మంగళగిరి

మా ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. నిజాం జరీ అంచు ఉన్న మా ఊరి చీరతో గొడుగు ఫ్రాక్ కుట్టమని చాలామంది అడుగుతుంటారు. అంచు నేరుగా నడుస్తుంది, గొడుగు అడుగు భాగం గుండ్రంగా తిరుగుతుంది, కనుక జరీని కత్తిరించి వేరే అతికించనిదే ఆ రెండూ కలవవు. అటువంటి చీరకు చీర ఎత్తునే నిలువుగా ఉంచి, నడుము దగ్గర కుచ్చులు పోయడమే తగిన పని. అది ఉత్త దీర్ఘచతురస్రం కాబట్టి కింది భాగానికి ఆదీ అవసరం లేదు, డ్రాఫ్టూ అవసరం లేదు. పైగా మంగళగిరి నూలు కొంచెం బిరుసుగా నిలబడే గుడ్డ; జార్జెట్‌లా జారాలని ఆశించకండి. కత్తెర వేసే ముందు ఒకసారి నీళ్లలో తడిపి ఆరవేయడం మాత్రం మరవకండి.

లక్ష్మీపురం, గుంటూరు

బ్రాడీపేట సోదరి గారి లెక్కను నేను చేసి చూశాను. 44 పన్నా (44 అంగుళాల వెడల్పు) జార్జెట్‌లో 88 అంగుళాల చొప్పున రెండు ముక్కలు తీసి, ఒక్కొక్కదాన్ని సగానికి మడిచి, ఒకదాని మీద ఒకటి పరిస్తే నాలుగు పొరలవుతాయి. మొత్తం 176 అంగుళాలు, అంటే నాలుగున్నర మీటర్లకు కొద్దిగా తక్కువ. వ్యాసార్ధం 44కు మించదు కాబట్టి, నడుముకు 4¾, కింది మడతకు అర అంగుళం తీసివేయగా కింది భాగం పొడవు 38¾ దగ్గర ఆగుతుంది. ఈ హద్దు గుడ్డ కొనకముందే తెలియాలంటే గీసుకోవడం తప్ప మార్గం లేదు. అంగుళాన్ని సెంటీమీటరుగా తీసుకుని నోటు పుస్తకంలో గీసినా చాలు. ఇంకా పొడవు కావాలనుకున్నవారు 58 పన్నా గుడ్డ తీసుకోవాలి.

లెక్కలో ఒక చిన్న లోపం ఉంది. రెండు ముక్కలు కలిపే పక్క కుట్లు రెండూ కలిసి, అర అంగుళం చొప్పున నాలుగు అంచుల్లో, నడుము నుంచి 2 అంగుళాలు తినేస్తాయి. లెక్క ప్రకారం 32ను 6.28తో భాగించి 5 అంగుళాలకు కొంచెం పైన గీయాలి, అందులో నడుము కుట్టుకు అర అంగుళం తగ్గించి కత్తిరించాలి. అయితే క్రాస్‌లో ఉన్న నడుము వంపు చేతితో పట్టుకుంటేనే సాగుతుంది కనుక, 4¾కే గీసి కుట్టు మార్జిన్ వదిలినా జార్జెట్‌లో సరిపోతుందని నా అనుభవం. నూలు గుడ్డకు అలా చేయవద్దు.

వన్‌టౌన్ అక్కగారితో నాకు విభేదం బాడీ పార్టు దగ్గర వస్తుంది. బడిలో పిల్లల నోటు పుస్తకాల సంచి పాతికేళ్లు ఒకే వైపు మోసినందువల్ల కాబోలు, నా కుడి భుజం ఎడమ భుజం కంటే అర అంగుళం కిందికి ఉంటుంది. ఆదిని మధ్యకు మడిచి గుడ్డ మడత మీద పెట్టి గీస్తే రెండు భుజాలూ ఒకే విధంగా వస్తాయి, నాకు మాత్రం కుడి వైపు మెడ కింద ఎప్పుడూ ఒక ముడత నిలిచేది. ఏ టైలరుకు ఇచ్చినా ఆ ముడత పోలేదు, ఎందుకంటే నేను ఇచ్చే ఆదిలోనే ఆ ముడత ఉంది. చివరికి పాత పంచె ముక్కతో బాడీ పార్టు కుట్టి, తొడుక్కుని, ముడత ఉన్నచోట మా అమ్మాయి చేత గుండుసూదులు పెట్టించి, ఆ మార్పును కాగితం మీదకు ఎక్కించాను. ఇప్పుడు నా కాగితంలో కుడి, ఎడమ అని రెండు భాగాలున్నాయి. ఆది అంతకు ముందు కుట్టినవారి తప్పును కూడా మోసుకొస్తుందన్న సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

వన్‌టౌన్, విజయవాడ

టీచరమ్మగారూ, మీ భుజం సంగతి ఒప్పుకుంటున్నాను. అటువంటి ఒళ్లు నా దగ్గరకు వచ్చినప్పుడు నేనూ గుడ్డ మడవకుండా ఒంటి పొర మీదే గీస్తాను. కానీ ఆ తేడాను గుర్తించింది కాగితం కాదు, మీరు తొడుక్కున్న పంచె ముక్క. అదీ ఒక ఆదే కదా. ముందు డ్రాఫ్టు గీశానన్న ధైర్యంతో ఆ తొడుక్కుని చూసే పని మానేసి, నేరుగా ఖరీదైన గుడ్డ మీద కత్తెర వేసి, ఏడుపు ముఖంతో నా దగ్గరకు వచ్చే పిల్లలను చాలామందిని చూశాను. కాబట్టి నా అభిప్రాయం మారలేదు.

60 అంగుళాలు వచ్చిందన్న ఫ్రాక్ పారేయకపోతే, ఆ నడుముకు రెండు వరుసల పెద్ద కుట్టు వేసి, దారాలు లాగి కుచ్చుగా 30కి తెచ్చుకోండి. జార్జెట్ పలుచన కాబట్టి ఉబ్బెత్తుగా కనిపించదు.

బ్రాడీపేట, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. వన్‌టౌన్ అక్కగారు చెప్పినట్లు తాడు కట్టుకుని చూస్తే, నేను 15 అనుకున్న నడుము కుట్టు 14¼ దగ్గర కుదిరింది. పాత దుప్పటి ముక్కతో బాడీ పార్టు కుట్టి తొడుక్కుంటే చంక రౌండు వెనుక వైపు పట్టేసింది, అక్కడ పావు అంగుళం లోతు చేసి కాగితం మీద దిద్దుకున్నాను. ఈ రెండూ ఆది వాదానికి దక్కవలసినవేనని ఒప్పుకుంటాను. కానీ దిద్దుకున్న ఆ పావు అంగుళం మళ్లీ వచ్చే ఫ్రాక్ నాటికి నా దగ్గర నిలవాలంటే అది కాగితం మీదే ఉండాలి. ఇరవై ఏళ్ల చేతివాటం ఉన్నవారికి అది వేళ్లలోనే ఉంటుంది, ఏడాదికి రెండు ఫ్రాకులు కుట్టుకునే నాబోటి దానికి ఉండదు.

జార్జెట్ కత్తిరించేటప్పుడు కాగితం మరో విధంగా కూడా ఉపయోగపడింది. నాలుగు పొరలూ ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోతుంటే, కింద న్యూస్ పేపరు పరిచి, పైన డ్రాఫ్టు పెట్టి, అన్నింటినీ కలిపి గుండుసూదులు గుచ్చి, కాగితంతో సహా కత్తిరించాను. ఫ్యాను ఆపి, తలుపులు వేసి, ఆ ఉక్కలో అరగంట కూర్చోవలసి వచ్చింది గానీ ఒక్క పొర కూడా జరగలేదు.

ఫ్రాక్ రెండు రోజులుగా గూట్లో హ్యాంగరుకు వేలాడుతోంది. నిన్న సాయంత్రం తొడుక్కుని నిలబడితే మా అత్తగారే నేల మీద కూర్చుని చుట్టూ స్కేలుతో కొలిచారు. ముందు నడిమి గీత దగ్గర ఏమీ దిగలేదు, పక్క కుట్ల దగ్గర పావు అంగుళం, క్రాస్ ఉన్న నాలుగు చోట్లా అంగుళంన్నర వరకు దిగింది. సుద్ద గీత మీదుగా కత్తిరించి, అంచుకు పీకో కుట్టు వేయించడానికి ఇచ్చాను. డ్రాఫ్టు కింది వంపు మీద ఆ నాలుగు చోట్ల ఎర్ర సిరాతో కొత్త గీత గీసి, పక్కన ‘జార్జెట్, 44 పన్నా, రెండు రోజులు వేలాడదీశాక’ అని రాశాను. వచ్చే నెలలో రేయాన్ గుడ్డతో కుట్టబోతున్నాను, దానికి ఆ గీత వర్తించదని మా అత్తగారు అప్పుడే హెచ్చరించారు.