మా ఒంగోలు ఆవు సైటోక్రోమ్ బి సీక్వెన్సులో మధ్యమధ్య స్టాప్‌లు వస్తున్నాయి, తప్పు ఎక్కడ?

గుండ్లకమ్మ పిల్ల

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడు చదువుతున్నాను. మాది కరవది దగ్గర పల్లె. ప్రాజెక్టు కోసం మా తాతయ్య ఆవు గౌరి రక్తం తీయించి, మైటోకాండ్రియాలోని (కణానికి శక్తి తయారుచేసే భాగం) సైటోక్రోమ్ బి జన్యువు మొత్తం, అంటే 1140 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు), సీక్వెన్సింగ్ చేయించాను. రెండు వైపుల నుంచీ చదివించాను. యంత్రం గీసిచ్చే క్రొమాటోగ్రామ్‌లో శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా ఉన్నాయి.

డీఎన్‌ఏని ప్రోటీన్‌గా చదివే ఎక్స్‌పాసీ వెబ్‌సైటులో పెట్టి మారిస్తే 29 అమైనో ఆమ్లాల దాకా చక్కగా వచ్చింది. 30, 31 స్థానాల్లో పక్కపక్కనే రెండు స్టాప్‌లు, అంటే ప్రోటీన్ ఇక్కడ ఆగాలి అనే గుర్తులు. ఆ తర్వాత కూడా చాలా చోట్ల అంతే. ల్యాబ్‌లో అడిగితే శాంపిల్ పాడైంది, మళ్ళీ చెయ్యమన్నారు. ఇంకోసారి చేయించే డబ్బు నా దగ్గర లేదు.

ఇంకో చిక్కు. బ్రెజిల్ నెలోర్ పశువుల సీక్వెన్సులు జీన్‌బ్యాంకు అనే ఆన్‌లైన్ నిల్వ నుంచి దించుకుని, మెగా సాఫ్ట్‌వేర్‌లో వంశవృక్షం లాంటి చెట్టు గీశాను. గౌరి కొన్ని నెలోర్లతో ఒక కొమ్మ మీద కూర్చుంది. మిగతా నెలోర్లు హియర్‌ఫోర్డ్, హోల్‌స్టీన్ లాంటి సీమావుల కొమ్మ మీదకి పోయాయి. నెలోర్ అంటే మన ఒంగోలు జాతే కదా, ఎట్టా చీలింది? ప్రోటీన్ ఆకారం కోసం, దాన్ని ఊహించి చెప్పే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాము కూడా నడపాలా?

తాతయ్య రోజూ "మన గౌరి అసలైందేనా అమ్మా, ఏం తేలింది?" అని అడుగుతా ఉన్నాడు. తప్పు చెప్పడం నాకు ఇష్టం లేదు.

కోడాన్ కాపలా

చెల్లెమ్మా, శాంపిల్‌కి ఏమీ కాలేదు. రక్తం మళ్ళీ తియ్యొద్దు, రూపాయి ఖర్చు పెట్టొద్దు.

30, 31 దగ్గర నీ డీఎన్‌ఏ ఒకసారి చూడు. టీజీఏ టీజీఏ అని వరసగా రెండుసార్లు ఉంటుంది. మామూలు జన్యు సంకేతంలో (మూడేసి అక్షరాలకి ఒక అమైనో ఆమ్లం చెప్పే పట్టిక) టీజీఏ అంటే ఆగు అని. వెన్నెముక ఉన్న జీవుల మైటోకాండ్రియాలో మాత్రం అది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. ఆ జంట ట్రిప్టోఫాన్లు ఆవులోనే కాదు, మనిషి సైటోక్రోమ్ బిలోనూ అక్కడే ఉంటాయి. ఎక్స్‌పాసీలో జెనెటిక్ కోడ్ అనే గడిలో స్టాండర్డ్ తీసేసి వెర్టిబ్రేట్ మైటోకాండ్రియల్ పెట్టు. జీన్‌బ్యాంకు నడిపే ఎన్‌సీబీఐ సంస్థ పట్టికల్లో అది 2వ నంబరు.

జన్యువు చివర కూడా చూడు. స్టాండర్డ్ పట్టిక ఏజీఏని ఆర్జినిన్‌గా చదివి ముందుకు పోయి ఉంటుంది. ఇక్కడ అదే అసలు స్టాప్. ఏటీఏలు కూడా ఐసోల్యూసిన్లు కావు, మెథియొనిన్లు. అన్నీ సరిపోతే 379 అమైనో ఆమ్లాలు రావాలి.

శిఖరాలు చూడండి

పై అన్నగారి మాట నిజమే, కానీ ఒక్క పరీక్ష వదలకండి. మైటోకాండ్రియా ముక్కలు కొన్ని ఏనాడో కేంద్రకంలోని క్రోమోజోముల్లోకి చేరి పనిచెయ్యని నకళ్ళుగా మిగిలిపోయాయి. జన్యువుని పట్టుకోవడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్క, అంటే ప్రైమర్, ఒక్కోసారి ఆ నకలుకే అతుక్కుంటుంది. అట్టాంటప్పుడు 2వ పట్టికతో చదివినా మధ్యలో స్టాప్‌లు ఉండిపోవచ్చు, చదివే వరస తప్పవచ్చు, శిఖరాలు జంటలుగా కనిపించవచ్చు. మీ శిఖరాలు శుభ్రంగా ఉన్నాయన్నారు కాబట్టి భయం తక్కువే. అయినా 83, 97, 182, 196 స్థానాల్లో హిస్టిడిన్ ఉందో లేదో చూడండి. ఈ ప్రోటీన్‌లోని రెండు హీమ్‌లనీ, అంటే ఇనుమున్న ముక్కల్నీ, పట్టుకునేవి ఆ నాలుగే.

ఆల్ఫాఫోల్డ్ అక్కర్లేదు. ఈ ప్రోటీన్ ఉండే బీసీ1 అనే ప్రోటీన్ల సముదాయాన్ని ఆవు గుండె నుంచే తీసి, ఎక్స్‌రేతో 1997లోనే ఆకారం తేల్చారు. కొలిచింది చేతిలో ఉండగా ఊహించింది ఎందుకు? ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి దించుకుని, గౌరిలో మారిన అమైనో ఆమ్లం ఏదైనా ఉంటే అది హీమ్‌కి ఎంత దూరంలో ఉందో కొలవండి. ప్రాజెక్టులో రాయదగ్గ పని అది.

విశ్రాంత పశువైద్యుడు, ఒంగోలు

తల్లీ, నీ చెట్టు తప్పు గీయలేదు. అది చెప్పే సంగతి మన పశువుల చరిత్రే.

బ్రెజిల్ వాళ్ళు మన జాతిని నెల్లూరు పేరుతో నెలోర్ అన్నారు. ఇక్కణ్ణుంచి ఓడెక్కిన పశువులు కొద్ది వేలే. అక్కడ అప్పటికే యూరప్ నుంచి వచ్చిన ఆవులు మందలుగా ఉన్నాయి. మన ఆబోతుల్ని వాటి మీద వేసి, పుట్టిన పెయ్యల మీద మళ్ళీ మన ఆబోతుల్నే వేస్తూ పోయారు. కొన్ని తరాలకి మూపురం, గంగడోలు, తెల్ల ఒళ్ళు అన్నీ మనవే. మైటోకాండ్రియా మాత్రం తల్లి నుంచే బిడ్డకి వస్తుంది, తండ్రిది రాదు. అందుకే చూడ్డానికి ఒంగోలు గిత్తలా ఉన్న నెలోర్ లోపల సీమావు మైటోకాండ్రియా దొరుకుతుంది. 1999లో బ్రెజిల్ పరిశోధకులే ఈ సంగతి ప్రచురించారు. 1960ల్లో ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఆబోతు ఒకదాన్ని అక్కడ మీ ఊరి పక్క పేరుతోనే కర్వాది అన్నారు. ఇప్పటికీ వాళ్ళ వంశవృక్షాల్లో ఆ పేరు ఉంది.

సీక్వెన్సుకి దగ్గరివి వెతికిపెట్టే బ్లాస్ట్‌లో మొదటి వరసని చూసి జాతి తేల్చకు. 1140 బేసులు కలిస్తే ఇ-వాల్యూ (ఆ పోలిక యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం చెప్పే అంకె) సీమావుకీ సున్నాయే, మన ఆవుకీ సున్నాయే. నువ్వు చెట్టు గీయడమే సరైన పని. కొమ్మలు ఎంత గట్టివో చూసే బూట్‌స్ట్రాప్ పరీక్ష 1000 సార్లు పెట్టు, అడవిదున్న సీక్వెన్సు ఒకటి బయటి కొమ్మగా చేర్చు.

తాతగారితో మాత్రం జాగ్రత్తగా చెప్పు. గౌరి తల్లి, అమ్మమ్మ, ముత్తవ్వల వరస మూపురం పశువులదే అని చెప్పొచ్చు. తండ్రి వైపు గురించి ఈ జన్యువు ఒక్క అక్షరం చెప్పదు. దానికి కేంద్రకంలోని గుర్తులు వేలల్లో చూడాలి. మూపురం పశువుల మొదటి జీనోమ్ 2012లో వచ్చింది, అది కూడా బ్రెజిల్ నెలోర్ ఆబోతుదే. మన ముంగిట్లో పశువుల నుంచి మీలాంటి పిల్లలు సీక్వెన్సులు ఎక్కించాలని నా కోరిక.

గుండ్లకమ్మ పిల్ల

2వ పట్టిక పెట్టాను. 379 వచ్చాయి, మధ్యలో ఒక్క స్టాప్ లేదు. నాలుగు హిస్టిడిన్లూ ఉన్నాయి. అడవిదున్నని చేర్చి మళ్ళీ గీసినా గౌరి అదే కొమ్మ మీద ఉంది.

తాతయ్యకి డాక్టరు గారు చెప్పినట్టే చెప్పాను. కాసేపు గౌరి గంగడోలు నిమురుతా కూర్చుని, "మరి వాళ్ళు ఆవుల్ని అసలే తీసకపోలేదా?" అన్నాడు. సర్, గౌరితో కలిసిన ఆ కొన్ని నెలోర్లు అట్టా వెళ్ళిన ఆవుల సంతతేనా?

విశ్రాంత పశువైద్యుడు, ఒంగోలు

అవునమ్మా. ఆబోతులతో పాటు ఆవులు కూడా కొన్ని ఓడెక్కాయి. ఆ కొమ్మ మీద ఉన్నవి వాటి కూతుళ్ళ కూతుళ్ళే.