నాన్నకి రక్తం సూది మొదలెట్టాక బీపీ పెరిగింది, రెండింటికీ సంబంధం ఉందా?

కవిటి కుర్రాడు:
మాది ఉద్దానం. నాన్నకి డయాలసిస్ మొదలై ఏడు నెలలు. హిమోగ్లోబిన్ 7.6కి పడిపోతే ఈపీఓ (ఒంట్లో రక్తం తయారు చేయించే హార్మోన్) సూది రాశారు, 4,000 యూనిట్లు, వారానికి రెండు. నాన్న దాన్ని "రగతం సూది" అంటాడు. మూడు నెలల్లో 12.3 అయింది. ఆయాసం లేదు, అన్నం తింటున్నాడు, జీడితోట దాకా నడిచి వస్తున్నాడు. కానీ 140 ఉండే పై బీపీ ఇప్పుడు 175. రెండు రోజులుగా తలనొప్పి. రక్తం ఎక్కువై పొంగుతోందంటాడు చిన్నాన్న. ఇంకోటి, ఈ సూది మెదడుకీ మంచిదని, పక్షవాతం తగ్గిస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. పెద్దమ్మకి పోయినేడు కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆవిడకి అడగొచ్చా?

మిషన్ పక్కన మనిషి:
తమ్ముడూ, పదకొండేళ్లుగా డయాలసిస్ టెక్నీషియన్‌ని. ముందు ఒక మాట. 175, పైగా తలనొప్పి అంటే తర్వాతి డయాలసిస్ రోజు దాకా ఆగకు, ఇవాళే డాక్టరుకి చెప్పు. బీపీ ఇలా ఎగబాకి ఫిట్స్ వచ్చినవాళ్లను చూశాను. సూది ఆపాలా, తగ్గించాలా అనేది ఆయన చెప్తారు, నువ్వు ఆపేయకు.

చిన్నాన్న చెప్పింది సగమే. రక్తం చిక్కబడటం ఒక్కటే కాదు, ఆ మందు రక్తనాళాల మీద నేరుగా కూడా పనిచేస్తుంది, అవి బిగుసుకుంటాయి. కిడ్నీ చెడిన ఎలుకలకి ఐరన్ అందకుండా చేసి, రక్తం పెరగనివ్వకుండా ఈ మందు ఇచ్చారు. అయినా బీపీ పెరిగింది!

12.3 చూసి మీ ఇంట్లో సంబరపడి ఉంటారు. నేనైతే ఉలిక్కిపడతాను. డయాలసిస్ వాళ్లకి మామూలుగా 11.5 దాటనివ్వరు. 2009లో వచ్చిన ట్రీట్ అనే పరీక్షలో షుగరూ కిడ్నీ జబ్బూ ఉన్న 4,038 మందిని తీసుకున్నారు (డయాలసిస్ దాకా రానివాళ్లు). సగం మందికి ఈ జాతి మందే ఇచ్చి హిమోగ్లోబిన్ 13కి తేవాలని చూశారు. వాళ్లలో 101 మందికి పక్షవాతం వచ్చింది, రెండో సగంలో 53 మందికి. గుండెజబ్బున్న డయాలసిస్ వాళ్లతో 1998లో ఇంకో పరీక్ష జరిగింది. రక్తం మామూలు మనిషి స్థాయికి తెచ్చినవాళ్లలో ఫిస్టులాలు, గ్రాఫ్టులు (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో కలిపిన రక్తనాళాలు, పెట్టిన గొట్టాలు) ఎక్కువ మూసుకుపోయాయి. అందుకే రోజూ పొద్దున్నే చేతిమీద వేలు పెట్టి థ్రిల్ (రక్తం పారుతున్న అదురు) కొడుతోందో లేదో చూసుకోమను.

ఇంకో అనుమానం. అన్నం తింటున్నాడన్నావు. ఆకలి తిరిగొస్తే ముందు చెయ్యెళ్లేది ఊరగాయ జాడీలోకే. ఆ ఉప్పుకి దాహమేసి నీళ్లు తాగితే ఒంట్లో నీరు చేరి బీపీ పెరుగుతుంది. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) మీద ఎన్ని కిలోలొస్తున్నాడో కనుక్కో.

ఫిజియాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి:
పెద్దమ్మగారి సంగతి నేను చెప్తాను. వాట్సాప్ మాటకి మూలం లేకపోలేదు. పెద్దవాళ్లలో ఈ హార్మోన్ ఎక్కువగా కిడ్నీల్లో తయారైనా, మెదడు కణాలూ కొంచెం చేసుకుంటాయి. దాన్ని అందుకునే గ్రాహకాలు కూడా వాటికున్నాయి. జంతువుల్లో ఫలితాలు బాగా వచ్చాయి. 2002లో జర్మనీలో కొద్దిమంది పక్షవాతం రోగుల మీద చూస్తే అక్కడా ఆశ కనబడింది.

అదే దేశంలో 522 మందితో పెద్దగా చేసి 2009లో ఫలితాలు చెప్పారు. పక్షవాతం వచ్చిన గంటల్లోనే మొదలుపెట్టి మూడు రోజులు, రోజుకి 40,000 యూనిట్లు. కోలుకోవడంలో తేడా లేదు. చనిపోయినవాళ్లు మాత్రం మందు తీసుకున్న వైపు 16.4 శాతం, తీసుకోని వైపు 9 శాతం. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు కూడా పడినవాళ్లే అందులో ఎక్కువమంది, చిక్కు అక్కడుందని అనుమానించారు. నెలలు బాగా తక్కువై పుట్టిన 941 మంది పిల్లల మెదడు కాపాడాలని కూడా చూశారు. 2020లో ఫలితం వచ్చింది, రెండేళ్ల వయసుకి తేడా కనిపించలేదు. ఏడాది కిందట వచ్చిన పక్షవాతానికి ఈ సూది అడగొద్దు బాబూ. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

కవిటి కుర్రాడు:
నిన్ననే తీసుకెళ్లాను. అన్న చెప్పింది అక్షరాలా నిజం, మూడు కిలోలు నీరు ఎక్కువ. ఊరగాయ జాడీ అమ్మ అటక మీద పెట్టేసింది. బీపీ బిళ్ల మార్చారు, సూది వారానికి ఒకటే చేశారు, రెండు వారాల్లో మళ్లీ రక్తపరీక్ష. తలనొప్పి లేదు. నాన్న మాత్రం "నా రగతం సూది కోసేశారు" అని డాక్టరు మీద అలిగి కూర్చున్నాడు.